మంద చెప్పిన రెండు గీతలు

మా బావను బజారులో అందరూ రబ్బరు మాస్టారు అంటారు. పాఠాలేమీ చెప్పడు, పాడైన కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఏది తెచ్చినా ముందు దాని మెమరీ పట్టీ ఊడదీసి, పిల్లలు పెన్సిలు గీతలు చెరుపుకునే రబ్బరుతో అంచు తుడిచి, మళ్లీ తగిలించి, "ఇప్పుడు చూడండి" అంటాడు. సగం జబ్బులు దాంతోనే కుదిరిపోతాయి. అక్క మొగుడాయె, నేను ఊరుకుంటానా? "బావా, మా ఆయన బుర్రకి కూడా కాస్త ఆ రబ్బరు పెట్టరాదూ, చెప్పింది ఎక్కడం లేదు" అనేదాన్ని. పగలబడి నవ్వేవాడు. ఈమధ్య నవ్వడం మానేశాడు. ఎందుకు మానేశాడో ఆయన చెప్పడు కాబట్టి నేను చెబుతున్నాను. బస్సు కండక్టర్ని, నాకు నోటికి తాళం వేసుకోవడం రాదు.

కాలేజీలో కొండల మీద పరిశోధన చేసే మేడం ఒకావిడ తన లాప్‌టాప్ బాగుచేయించుకోవడానికి బావ దుకాణానికి వచ్చింది. కూర్చున్నంతసేపూ తన గోడు వెళ్లబోసుకుంది. పెద్ద వాన పడితే మా ఊరి వెనక కొండ ఎంతవరకు జారుతుందో కంప్యూటర్లో ముందే జార్చి చూడొచ్చట. మట్టి ఎన్ని పొరలు, ఏ పొర ఎంత నీళ్లు పీలుస్తుంది, ఎక్కడ రాయి తగులుతుంది, అన్నీ లెక్కలో పెట్టాలి. అంత లెక్కకి పెద్ద యంత్రం కావాలి. దాని ధరకి ఇంకో కాలేజీ కట్టొచ్చు. "నా జీవితంలో కొనివ్వరు" అందావిడ. బావ తల గోక్కుని, "చిన్నవి బోలెడు కలిపితే సరిపోదా మేడం?" అన్నాడు. అంతే, ఇరుక్కున్నాడు.

ఓ బ్యాంకువాళ్లు పాతబడ్డాయని పారేసిన నలభై ఎనిమిది కంప్యూటర్లు తెచ్చాడు. వాటి డబ్బాలు పీకేసి, లోపలి మదర్‌బోర్డు పలకల్ని మాత్రం మూతపడ్డ చెప్పుల దుకాణం ఇనుప అరల్లో వరసగా నిలబెట్టాడు. కాలేజీలో సీసాలు దాచుకునే గది ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టి, వైర్లతో ఒకదాన్నొకటి కలిపాడు. కిటికీలో గాలి బయటికి లాగే ఫ్యాన్లు రెండు. మొదటి వేసవిలో పదకొండుసార్లు ఫ్యూజు ఎగిరింది. మా అక్క కేరేజీ పట్టుకెళ్తే అన్నం ఎక్కడ తినాలో తెలిసేది కాదు, ఎక్కడ చూసినా వైర్లే. మేడం దానికి "మంద" అని పేరు పెట్టింది. వాళ్ల పెద్ద ప్రొఫెసరు మాత్రం గుమ్మంలో నిలబడి, "పాత సామాన్లాయన ఇంకా ఉన్నాడా?" అని అడిగి పోయేవాడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండేది, బావ వినిపించుకోనట్టే వైర్లు కట్టుకునేవాడు.

ఇక్కడొక్క సంగతి చెప్పాలి. ఖరీదైన యంత్రాల్లో మెమరీ తన తప్పు తనే పట్టుకుంటుందట. చవకవి పట్టుకోవు. వేడెక్కితే ఒక అంకె మారిపోతుంది, యంత్రం ఆగదు, గంట కొట్టదు, తప్పు జవాబు కూడా బుద్ధిమంతుడిలా చెప్పేస్తుంది. దానికి బావ ఒక ఉపాయం పెట్టుకున్నాడు. మందను రెండు సగాలు చేసి ఒకే లెక్క రెండు సగాలకీ ఇస్తాడు. రెండు జవాబులూ ఒకటైతేనే మేడం చేతికి ఇస్తాడు. రెండేళ్లు ఆ పద్ధతి తప్పలేదు.

మూడో ఏడు వానాకాలం ముందు, మూడు వారాల్లో భారీ వర్షాలని హెచ్చరిక వచ్చింది. అధికారులు మేడంని మ్యాప్ అడిగారు. ఇళ్లు ఖాళీ చేయించడానికి పది రోజులు కావాలన్నారు. సగం మందతో ఆ లెక్క పద్దెనిమిది రోజులు. మొత్తం మంద కలిసి చేస్తే తొమ్మిది.

"ఒక్కసారే చేస్తే పరవాలేదా?" అని మేడం అడిగింది.

"పరవాలేదు మేడం, పూచీ నాది" అన్నాడు బావ.

అదీ ఆయన చేసిన తప్పు. ఆయన్ని వెనకేసుకు రావాలని ఎంత ఉన్నా ఇక్కడ మాత్రం రాలేను.

మ్యాప్ మీద ఎర్రగీత మూడో వీధి చివరిదాకా వచ్చింది. గీతకి పైనున్న ఇళ్లవాళ్లందరినీ పోలీసులు లారీలెక్కించి స్కూళ్లలోకి చేర్చారు. జనం తిట్టారు, శాపనార్థాలు పెట్టారు, అయినా వెళ్లారు. మాది ఐదో వీధి. మేం బతికిపోయాం అనుకున్నాం.

బావకి మాత్రం ఒక్కసారే చేసిన ఆ లెక్క మీద నమ్మకం కుదరలేదు. ఎవరికీ చెప్పకుండా అదే లెక్క మందకి మళ్లీ ఇచ్చాడు. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది. ఈసారి గీత ఐదో వీధి దాటింది. అరలన్నీ వెతికితే ముప్పై ఒకటో నంబరు పలక మీద మెమరీ పట్టీ ఒకటి పాడైందని తేలింది. అది మొదటి లెక్కని చెడగొట్టిందా, రెండోదాన్నా? చెప్పే దారి లేదు. మూడోసారి చేయాలంటే ఇంకో తొమ్మిది రోజులు. వాన రెండు రోజుల్లో ఉంది.

పొద్దున్నే వెళ్లి మేడంకి చెప్పేశాడు. ఆవిడ వెంటనే ఆయన్ని తీసుకుని అధికారుల ఆఫీసుకి పరిగెత్తింది. అధికారి విని, "ఒకే యంత్రం రెండు మాటలు చెబితే నేను దేని మీద సంతకం పెట్టనమ్మా? లారీలు కూడా లేవు" అన్నాడు. పెద్ద ప్రొఫెసరేమో మంద ఉన్న గది తాళంచెవులు తిరిగి ఇచ్చెయ్యమన్నాడు.

బావ అక్కణ్నుంచి నేరుగా నాలుగో వీధికి వచ్చి, ఒక్కో తలుపూ తట్టడం మొదలుపెట్టాడు. నాలుగైపోయాక ఐదో వీధి. మా ఇంటికి చిట్టచివర వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయింది. జరిగిందంతా చెప్పి, "ఏది నిజమో నాకు తెలీదు మరదలా" అన్నాడు.

"తెలీకపోతే పోవాలనేగా అర్థం! అది చెప్పడానికి ఇంత పురాణమా?" అని కసిరి, అత్తగారి మందులు సంచిలో వేసి, మా ఆయన్ని, పిల్లల్ని బయటికి తోలాను. సాయంత్రానికి రెండు వీధుల్లోనూ ముప్పావు వంతు ఖాళీ అయింది. మిగిలినవాళ్లు మర్నాడు మేఘాలు చూసి కదిలారు. నాలుగో వీధి వడ్రంగి భార్య కూడా పిల్లల్ని తీసుకుని చెల్లెలింటికి వెళ్లింది. వడ్రంగి మాత్రం కదల్లేదు.

మూడో రోజు ఉదయం పది గంటలకి కొండ జారింది. రెండో గీత ఎక్కడుందో అక్కడికే వచ్చి ఆగింది. మా ఇంట్లో ఇప్పుడు కిటికీల దాకా మట్టి. వడ్రంగిని తీయడానికి ఒకటిన్నర రోజు పట్టింది.

ఊళ్లోవాళ్లు బావ దుకాణానికి వచ్చి చేతులు పట్టుకున్నారు. "నీ వల్లే మా పిల్లలు దక్కారయ్యా" అన్నారు. ఆయన ఆ చేతులు విడిపించుకుని లోపలికి వెళ్లిపోయేవాడు. "ఒక్కసారే చేసిన లెక్క తప్పొచ్చని ముందే చెప్పుంటే ఆ ఇల్లు కూడా గీతలోపల పెట్టేవాళ్లు. పోలీసులే ఎత్తుకెళ్లేవాళ్లు" అని ఒకటే మాట మా అక్కతో.

పదిహేను రోజులకి వడ్రంగి భార్య వచ్చింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"అన్నా, మా ఆయనతో ఏమన్నావో ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

బావ ఏదీ దాచలేదు. "యంత్రం రెండు రకాలుగా చెప్పింది, మొదటిసారి తొందరపడ్డది నేనే, ఏది నిజమో తెలీదు అన్నానమ్మా."

"ఆయనేమన్నాడు?"

"తెలీనివాడివి ఎందుకొచ్చావయ్యా అని నవ్వాడు. తలుపొకటి ఇచ్చెయ్యాలి, రెండ్రోజుల పనుంది అన్నాడు."

"నువ్వు పొమ్మనలేదా?"

బావ ఆవిడ వైపు చూడలేకపోయాడు. "లేదమ్మా."

"ఒక్కసారి కూడానా?"

"లేదు."

"నేను ఏడిస్తే వినలేదన్నా. పరాయివాడెవరైనా గట్టిగా గదమాయిస్తే వినేవాడు. అలాంటి మనిషి" అంది. తిట్టినా బాగుండేది. మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

బావ బల్ల మీది స్క్రూలన్నీ ఒకచోటికి జరిపాడు. తర్వాత నన్నడిగాడు: "మరదలా, నాకు తెలీకపోయినా తెలిసినట్టు చెప్పి పొమ్మనాల్సిందా?"

"ఆఁ, అనాల్సింది" అన్నాను.

నా నోరు పడిపోనూ. ఆ పూటకైనా కాదని చెప్పి ఉండాల్సింది.