ల్యాంప్‌రూం హర్షిణి ఎమో కాదు

హర్షిణికి నేనంటే పడదు. నిజం చెప్పాలంటే నాకూ ఆమె అంటే ఇప్పటికీ పూర్తిగా పడదు. అయినా ఆమె మీద తప్పుడు కాగితం రాసింది నేనే కాబట్టి, ఉన్నది ఉన్నట్టు రాయాల్సింది కూడా నేనే.

మేముండేది సెంటినరీ కాలనీ క్వార్టర్లలో. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశాను. పాప పుట్టాక కాలేజీ ఉద్యోగం మానేశాను. పాపకు మూడేళ్లు. మా ఆయన జగదీశ్వర్ ఒక భూగర్భ బొగ్గు గనిలో సర్దార్. పైకప్పు నిలుస్తుందా, గ్యాసు ఉందా అని షిఫ్టులో అందరికన్నా ముందు వెళ్లి చూసే పని ఆయనది. గాలిలో మీథేన్ ఐదు శాతం చేరితే నిప్పురవ్వకే పేలుతుందని క్లాసులో పిల్లలకు చెప్పినదాన్ని నేను. భర్త ఆ గాలిలోకి రోజూ దిగుతుంటే ఇంట్లో కుదురుగా కూర్చోవడం నా వల్ల కాదు. ఆయన వచ్చి గేటు తీసేదాకా చెవి అటే ఉంటుంది.

హర్షిణి మాకు నాలుగు క్వార్టర్ల అవతల ఉంటుంది. తండ్రి సదానందం ఇరవై ఎనిమిదేళ్లు గనిలో పనిచేశాడు. గుండె జబ్బుతో పనికి అన్‌ఫిట్ అయ్యాడు. అలాంటప్పుడు ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఒక్కరికే, ఒక్కసారే. హైదరాబాదులో ఇంజనీరింగ్ పూర్తి చేసిన కూతురు సంచి సర్దుకుని వచ్చి ఆ ఉద్యోగంలో చేరింది. ఆమెను గని దగ్గర ల్యాంప్‌రూంలో వేశారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం, నడుముకు కట్టుకునే ఊపిరి డబ్బా కిటికీలోంచి అందించడం అక్కడి పని. ఛార్జింగ్ నిండిందా, తీగ చీలిందా, డబ్బా సీలు ఊడిందా అన్నది ఇచ్చే మనిషే చూడాలి. లోపల పొగ కమ్మితే మనిషిని బయటికి తెచ్చేవి ఆ రెండే.

పని సంగతి వదిలేసి అందరూ ఆమె ముఖం గురించే మాట్లాడేవారు. కంపెనీ యూనిఫారం వేసుకునేది, అందులో వంక లేదు. కళ్ల చుట్టూ మాత్రం వేలు మందం కాటుక, నల్లటి పెదవులు, నల్లటి గోళ్లు, పౌడరుతో పాలిపోయినట్టు చేసుకున్న చెంపలు. డ్యూటీ లేని రోజు మోకాళ్ల కిందికి నల్ల లంగా, నల్ల లేసు జాకెట్టు. మార్కెట్లో ఇద్దరు టైలర్లు పెండ్లికాని పిల్లకు నల్ల జాకెట్టు కుట్టేది లేదన్నారట. తల్లి మిషను మీద తనే కుట్టుకుంది. కాళ్లకు కంపెనీ ఇచ్చిన గని బూట్లే. బంగారం ముట్టేది కాదు. చనిపోయిన నాయనమ్మ వెండి కడియాలు రెండు చేతులకూ వేసుకునేది. హాస్టల్లో షిల్లాంగ్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె రూమ్మేటుగా ఉండేదట. ఆ పాటలూ ఈ వేషమూ అక్కడ అంటుకున్నాయి.

"పెండ్లీడు పోరి, మెడల గొలుసు లేదు, నెత్తిల పువ్వు లేదు. ముసల్దాని కడియాలేసుకొని ఊరేగుతది" అనేది పక్కింటి మల్లక్క.

"నాకైతే గుండె దడండీ. తన తద్దినానికి తనే తయారై వచ్చినట్టుంటుంది" అనేవారు చంద్రమతిగారు. ఆమెది గుంటూరు వైపు, భర్త మా గనిలోనే ఆఫీసరు.

నేనూ నవ్వేదాన్ని.

గొడవ ఎల్లన్నతో మొదలైంది. ఎల్లన్న లోపల పైకప్పు కూలకుండా ఆసరాగా చెక్క దిమ్మెలు పెట్టే పనిచేస్తాడు. ఒకరోజు హర్షిణి చేతి మీదుగా దీపం తీసుకుని దిగితే పాదం మీద బండ పడి రెండు వేళ్లు విరిగాయి. నెలన్నర తర్వాత డ్యూటీకి వచ్చి, ఆమె కిటికీ ముందు ఆగి, అందరికీ వినబడేలా అన్నాడు:

"పొద్దుగాల్నే దీని మొఖం జూసి దిగుడా? నేను దిగ."

"మొఖమెందుకు జూస్తున్నవన్నా? ల్యాంపు జూసి తీస్కో."

"నీ మొఖం జూసినందుకే బండ పడ్డది."

"ఓ, నా లిప్‌స్టిక్ బరువుకు పడ్డదా? దిమ్మె సక్కగ పెట్టనందుకు పడ్డది కాదా?"

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. దిమ్మె పెట్టింది ఎల్లన్నే. ఆ నవ్వును అతను మరచిపోలేదు. మర్నాటి నుంచి అతను, అతనితోపాటు పదిమంది, ఆ తర్వాత ముప్పై మంది, చివరికి అందరూ పక్క కిటికీకే వెళ్లారు. ఒక కిటికీ దగ్గర రోడ్డు దాకా క్యూ, ఒకటి ఖాళీ. షిఫ్టు పావుగంట ఆలస్యంగా దిగసాగింది.

కాలనీ ఆడవాళ్లం మేనేజరుకు దరఖాస్తు పెట్టాలనుకున్నాం. ముఖం చూస్తే బండ పడుతుందని కాగితం మీద రాయలేం కదా. "జమునా, సదువుకున్నదానివి, నువ్వు రాయే" అంది మల్లక్క.

నాకు వరంగల్‌లో చదివినప్పటి క్లాస్‌మేటు ఒకడు గుర్తొచ్చాడు. ఒక కన్ను మూసేలా ముందుకు దువ్విన జుట్టు, కాళ్లకు అతుక్కుపోయిన జీన్సు, మీద నల్ల టీషర్టు, చెవుల్లో ఎప్పుడూ ఏడుపు పాటలు. తనను ఎమో అని చెప్పుకునేవాడు. రెండో ఏడాది మణికట్టు కోసుకుని ఆస్పత్రిలో చేరాడు, బతికాడు. నల్ల బట్టలు, నల్ల కళ్లు, పరాయి దేశపు పాటలు. నా బుర్రలో లెక్క తేలిపోయింది. "ఈ ఉద్యోగిని ఎమో అనే వర్గానికి చెందినది. ఈ వర్గం వారు తమకు తాము హాని చేసుకుంటారు. తన ప్రాణం మీద తీపి లేని వ్యక్తి చేతిలో మా భర్తల ప్రాణరక్షణ సామగ్రి ఉండటం ప్రమాదకరం" అని రాశాను. ముప్పై ఒక్క సంతకాలు పడ్డాయి. మొదటిది నాది.

ముఖం సంగతైతే మేనేజరు నవ్వి పక్కన పెట్టేవాడేమో. ప్రాణరక్షణ అన్న మాట ఉన్న కాగితాన్ని ఏ మేనేజరూ పక్కన పెట్టలేడు. హర్షిణిని ల్యాంప్‌రూం నుంచి తీసి బొగ్గు యార్డులో ఊడ్చే పనికి వేశారు. మానసిక డాక్టరుకు చూపించాలని నిర్ణయించారు; ఆయన పరీక్ష చేసి పనికిరాదంటే ఉద్యోగం పోతుంది. ఇంకో ఉద్యోగం ఆ ఇంటికి రాదు. క్వార్టరు కూడా ఖాళీ చేయాలి.

మూడోరోజు మధ్యాహ్నం హర్షిణి తల్లి సారవ్వ మా వాకిట్లో నిలబడింది.

"జమునా! బయటికి రావే!"

"పాప పండుకుంది సారవ్వక్కా, మెల్లగ."

"నీ బిడ్డ పండుకుంది. నా బిడ్డ ఎండల బొగ్గు ఊడుస్తంది. చేతులు కోసుకుంటదని రాసినవట. ఏ చెయ్యి? ఎన్నడు జూసినవ్? నీ నోట్ల మన్నువడ!"

"గట్ల ఎందుకుంటదక్కా మరి, నల్లగ..."

"నీ బిడ్డ చెంప మీద గంత దిష్టిచుక్క ఎవలు పెట్టిన్రు? నలుపు గాదా అది? నీ బిడ్డకు పెడితే రక్ష, నా బిడ్డ పెట్టుకుంటే సావా?"

చుట్టూ తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కరూ బయటికి రాలేదు. "డాక్టరు పనికిరాదు అంటే మేం ముగ్గురం నీ వాకిట్లనే పండుకుంటం" అని ఆమె వెళ్లిపోయింది.

నాకు కోపం వచ్చింది. నేను రాసింది సరైనదేనని రుజువు చేసుకుందామని, పాప నిద్రపోయే మధ్యాహ్నాల్లో ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు చదివాను, పాటలు విన్నాను. విన్నకొద్దీ నా కాగితం చిన్నబోయింది.

ఎమో అమెరికాలో ఎనభైల్లో పుట్టింది, అరుపుల పంక్ సంగీతంలోంచి. గిటార్లు పరుగెడతాయి, గొంతు జీరబోతుంది, పగులుతుంది. మాటలు డైరీలో రాసుకున్నవి: నన్ను వదిలేశావు, నన్నెవరూ అర్థం చేసుకోరు. కన్ను మీద పడే జుట్టు, బిగుతు జీన్సు, మేకుల బెల్టు ఆ తర్వాత వాళ్ల గుర్తులయ్యాయి. నలుపు కట్టే ఇంకో వర్గం గోత్, అది దానికన్నా పాతది. డెబ్బైల చివర ఇంగ్లండులో మొదలైంది. బాస్ గిటారు ముందు నడుస్తుంది. డ్రమ్ములు గనిలో నీళ్లు తోడే పంపులా ఒకే తీరుగా కొడతాయి. గొంతు లోతుగా ఉంటుంది, తొందరపడదు. పాడేది తన బాధను కాదు. పాడుబడ్డ కోటలు, సమాధులు, పోయినవాళ్లు. లేసు, వెల్వెట్, వెండి, పాతకాలపు సంతాప దుస్తులు, తెల్లటి ముఖం. ఇవన్నీ చదువుతుంటే నాలుగు ఇళ్ల అవతలి మనిషే కనబడింది. ఎమో వాళ్లందరూ చేతులు కోసుకుంటారన్నది కూడా టీవీలు ఊదిన మాటే. నా దగ్గరున్న ఆధారం ఒక్క కుర్రాడు. ఒక్క ప్రయోగం చేసి సూత్రం రాసిన పిల్లవాడికి నేను సున్నా వేసేదాన్ని.

అయినా నోరు విప్పలేదు. ముప్పై మంది ముందు తప్పొప్పుకోవడం కన్నా డాక్టరే తేల్చనీ అనుకున్నాను.

మేనేజరు సూర్యప్రకాశరావుగారు పిలిచారు. డాక్టరు దగ్గరికి పంపేముందు విచారణ. నేను, మల్లక్క, చంద్రమతిగారు ఒకవైపు. హర్షిణి ఒక్కతే ఎదురుగా. కాటుక అదే మందాన ఉంది. అంతవరకూ నన్ను అక్కా అని పిలిచే పిల్ల, ఆ రోజు మేడం అంది.

"సార్, నన్ను దయ్యమనుర్రి, శవమనుర్రి, పడుత. ఎమో అంటే మాత్రం ఊకోను. మేడం, ఈ మాట మీరే రాసిన్రా?"

"నేనే."

"నా జుట్టు కంటి మీద పడ్డదా? మేకుల బెల్టు ఉన్నదా? నేను ఏడ్సుకుంట పాటలు పాడంగ మీ క్వార్టర్ల ఎవలన్న విన్నరా?"

మేనేజరు విసుక్కున్నారు. "ఏమ్మా, ఏదైతేనేం? రెండూ నలుపేగా. ఆ తేడాతో నాకేం పని?"

"మీథేన్ గ్యాసే, కార్బన్ డయాక్సైడూ గ్యాసే గద సార్. రెండూ కండ్లకు కనవడయి. ఒకటి పైకప్పు కింద, ఒకటి నేల మీద. ఒకటి పేలుతది, ఒకటి ఊపిరి ఆపుతది. రెండూ గ్యాసే గదా అన్న సర్దార్‌ను గనిల దిగనిస్తరా మీరు?"

ఆయన పెన్ను పక్కన పెట్టారు.

"సావు గురించి పాట వింటే సస్తమా? మా నాయిన ఇరవై ఎనిమిదేండ్లు సావు పక్కన పనిచేసిండు. మా ఇంట్ల దాని పేరు తియ్యనిచ్చెటోళ్లు కాదు. ఆ పాటలల్ల దాన్ని పేరు పెట్టి పిలుస్తరు, సోకు చేస్తరు, దానితోని పరాచికాలాడుతరు. అవి విన్నంక నాకు భయం తగ్గింది. గంతే. ఎమో పాటలు నాకు నచ్చయి, నెత్తినొప్పి. అట్లని ఆ పోరగాండ్లను పిచ్చోళ్లనుడు కూడ తప్పే. బాధైతే బాధ అని అరుస్తరు. మేడం సైన్సు సదివింది గద, చెప్పమనుర్రి. తను రాసింది నిజమని ఇప్పుడు నా మొఖం జూసి చెప్పమనుర్రి."

మల్లక్క నా మోచేతిని గిల్లింది. నేను చెప్పాను. ఎమో వేరు, గోత్ వేరు, ఈమె ఎమో కాదు. ఎమో అయినా నేను రాసినదానికి ఆధారం లేదు. ఆ వాక్యాలు తప్పు.

"గిదేందే? మాతోని సంతకాలు పెట్టిచ్చి నువ్వు జారుకుంటవా?" అంది మల్లక్క మేనేజరు ముందే.

"చదువుకున్నావని నమ్మాం చూడు" అన్నారు చంద్రమతిగారు.

మేనేజరు కాగితం తిరగేశారు. "మీ ఒక్కరి మాట మీద దీన్ని పక్కన పెట్టలేనమ్మా. ముప్పై ఒక్క సంతకాలున్నాయి. సంతకం చేసినవాళ్లు వెనక్కి తీసుకుంటామని రాసివ్వాలి. కనీసం సగం మంది. వారం టైమిస్తున్నాను."

బయటికొచ్చాక హర్షిణితో సారీ అన్నాను.

"సారీ నాకెందుకు? యార్డుల ఊడ్వడానికి చీపురున్నది" అని వెళ్లిపోయింది.

పాపను చంకనేసుకుని వారం రోజులు ఇల్లిల్లూ తిరిగాను. మల్లక్క తలుపు తీయలేదు. ఒకామె నీళ్ల బకెట్ నా కాళ్ల ముందే గుమ్మరించి, "వాకిలి కడుగుతున్న, తర్వాత రా" అంది. ఇంకొకామె "ఎంత తీస్కున్నవ్ సారవ్వ దగ్గర?" అనడిగింది. చంద్రమతిగారు మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, సంతకం మాత్రం చేయలేదు. గ్యాసు ఉదాహరణే అందరికీ చెప్పాను. గని మనుషుల ఆడవాళ్లకు అదొక్కటే ఎక్కింది. నా సంతకంతో కలిపి పదహారయ్యాయి. పదహారో సంతకం ఎల్లన్న భార్య శోభది. "ఆయనకు చెప్పకు. దిమ్మె సంగతి నాకెరికే" అంది.

ముప్పై ఒకటిలో సగం దాటింది. మేనేజరు డాక్టరు పరీక్ష రద్దు చేసి ఆమెను ల్యాంప్‌రూంకు పంపారు. కానీ ఒక మాట చేర్చారు: నెల రోజుల్లో ఆ కిటికీ దగ్గర క్యూ మామూలుగా లేకపోతే ఆమెను వేరే చోటికి మార్చక తప్పదు. షిఫ్టు ఆలస్యం కాకూడదు.

అంటే ఎవరో ఒకరు ముందు నిలబడాలి.

"నేనా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు మా ఆయన.

"గ్యాసు చూసి షిఫ్టోళ్లందరినీ లోపలికి తీసుకపోయేది మీరే గదా."

"గ్యాసు వేరు, గిది వేరు."

"వేరెట్ల అయితది?"

తువ్వాలు భుజాన వేసుకుని బయటికెళ్లిపోయాడు. మర్నాడు మొదటి షిఫ్టు చేసి వచ్చి, బూట్లు విప్పకుండానే చెప్పాడు. ఖాళీ కిటికీ ముందు నిలబడ్డాడట. వెనక నుంచి ఎల్లన్న, "సర్దార్ సాబ్ పెండ్లాం ఆర్డర్ మీద వచ్చిండు" అని ఈల వేశాడట. హర్షిణి తల ఎత్తలేదట. దీపం వెలిగించి చూసింది, తీగ పొడుగునా వేళ్లు నడిపింది, డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

"దీని సీలు కదిలింది. వేరేది ఇస్త, నిలవడు."

"షిఫ్టు టైమైతంది."

"నిలవడన్నా. నీకేమన్న అయితే మీ మేడం మళ్ల కాగితం రాస్తది."

ఆయన నిలబడ్డాడు. వేరే డబ్బా తెచ్చి నడుముకు సరిగ్గా కట్టుకునేదాకా చూసి, అప్పుడు దీపం చేతికిచ్చిందట.

"ఎంతమంది వచ్చిన్రు మీ వెనక?" అని అడిగాను.

"ఇద్దరు" అన్నాడు, చిరాగ్గా బూటు లేసు లాగుతూ. "రేపు కూడ నేనే నిలవడాల్నా?"

"నిలవడాలె" అన్నాను.