ఎడమ సీటు

అది మొదలైంది ఫిబ్రవరి రెండో మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు. సిడ్నీ శివారు టూంగాబీలో మా వంటగది బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. మా అమ్మాయి యూనిఫాంతోనే వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదుట కూర్చుంది. వంటగదిలోకి బూట్లతో రాకూడదన్న నియమం పెట్టింది తనే.

"జీతాలు తగ్గించుకోమంటున్నారమ్మా. లేకపోతే కాంట్రాక్ట్ పోతుందట," అంది.

మా అమ్మాయి పైలట్. సిడ్నీ నుంచి లోపలి ఊళ్లకు తిరిగే యాభై సీట్ల ప్రొపెల్లర్ విమానం నడిపేది. దాని తోక మీద ఉన్నది ఒక పెద్ద కంపెనీ గుర్తు. టికెట్ల మీదా, గాలిలో ఇచ్చే బిస్కెట్ల పొట్లం మీదా అదే గుర్తు. జీతం ఇచ్చేది మాత్రం వేరే చిన్న కంపెనీ. పెద్ద కంపెనీ తనకు గిట్టుబాటు కాని చిన్న రూట్లను దానికి కాంట్రాక్టుకు ఇచ్చింది. ప్రయాణికులకు ఈ సంగతి తెలియదు. మన తెలుగువాళ్ల పార్టీల్లో కూడా మా అమ్మాయిని పెద్ద కంపెనీ పైలట్ అనే పరిచయం చేసేవారు. నేను ప్రతిసారీ సరిదిద్దేదాన్ని.

పైలట్లకు ఒక పద్ధతి ఉంది. కంపెనీలో చేరిన తేదీని బట్టి ప్రతి మనిషికీ ఒక నెంబరు ఇస్తారు. ఎవరికి ఏ రూటు, ఎవరికి ఎప్పుడు సెలవు, ఎవరు కుడివైపు కో-పైలట్ సీటు నుంచి ఎడమవైపు కెప్టెన్ సీటుకు మారాలి, అన్నీ ఆ నెంబరే తేలుస్తుంది. ఎంత బాగా నడుపుతారన్నదానితో నిమిత్తం లేదు. పైవాళ్లు రిటైరైతేనో మానేస్తేనో మన నెంబరు ముందుకు జరుగుతుంది. కంపెనీ మారితే ఎంతటివాళ్లయినా మళ్లీ అడుగున చేరాలి. ఎడమ సీటుకు రావడానికి మా అమ్మాయికి పదకొండేళ్లు పట్టింది. ఆ మంగళవారానికి దాని నెంబరు నలభై ఒకటి.

కంపెనీ అడిగినవి మూడు. మూడేళ్లు జీతం పెంచరు. నెలకు రెండు సెలవు రోజులు తగ్గిస్తారు. బయటి ఊళ్లలో విమానం కోసం కాచుకున్న గంటలకు సగమే ఇస్తారు. ఇవి ఒప్పుకుంటే పెద్ద కంపెనీ ఏడేళ్లకు కాంట్రాక్టు పొడిగిస్తుందనీ, పైగా తొమ్మిది కొత్త జెట్ విమానాలు ఇస్తుందనీ మేనేజరు చెప్పాడట. మనమంతా ఒక కుటుంబం అని ఆ గంట మీటింగ్‌లో ఆరుసార్లు అన్నాడట. లెక్కపెట్టింది మా అమ్మాయే. ఆ బుద్ధి నా దగ్గర నుంచి వచ్చింది. నేను ముప్ఫై మూడేళ్లు సహకార బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసినదాన్ని.

కుటుంబంలో కరువొస్తే పెద్దవాడు ముందు తన కంచంలో తగ్గించుకుంటాడు. మేనేజరు తన జీతం ఎంత తగ్గించుకున్నాడని అడిగాను. అది అడిగే మీటింగ్ కాదంది.

ఆ శనివారం దాని కో-పైలట్ భోజనానికి వచ్చాడు. కరీంనగర్ అబ్బాయి, ఇరవై తొమ్మిదేళ్లవాడు, ఫ్లయింగ్ స్కూలు అప్పు ఇంకా కడుతున్నాడు. అప్పటికి వాడి నెంబరు నూట ఇరవై ఆరు. మా అమ్మాయిని అక్కా అంటాడు, నన్ను ఆంటీ అంటాడు, పప్పుచారు మూడోసారి తానే వడ్డించుకుంటాడు. ఆ ఒప్పందం మీద పైలట్లంతా ఓటు వేయాలి; వాడు దానికి అనుకూలం.

"తొమ్మిది జెట్లంటే కొత్త కెప్టెన్లు ఎంతమంది కావాలె అక్కా? లేకుంటే నా నెంబర్ వచ్చేసరికి నాకు పెన్షన్ వస్తది. నో అంటే కాంట్రాక్టే పోతది, అందరం టాక్సీలు నడుపుడే."

"టాక్సీలో అయితే మొదటి రోజు నుంచే డ్రైవర్ సీటు ఇస్తారులే," అంది మా అమ్మాయి.

జెట్లు ఇస్తామని పెద్ద కంపెనీ స్వయంగా చెప్పిందా, లేక మీ మేనేజరు చెప్పాడా అని అడిగాను. ఆ కాగితాలు వ్యాపార రహస్యాలట, పైలట్లకు చూపించరట. ఒకరి సంతకం లేని వాగ్దానానికి ఇంకొకరు సంతకం పెట్టడం నేను చెత్త బ్యాంకుల్లో చూశాను. అదే మాట అన్నాను. అయినా ఇద్దరూ అవునని ఓటేశారు. వాడు ఎడమ సీటు రావాలని వేశాడు, ఇది ఉన్న సీటు పోకూడదని వేసింది.

ఒప్పందం నెగ్గింది. మర్నాడు కంపెనీ కృతజ్ఞతగా కప్‌కేకులు పంచింది, పైన చక్కెరతో గీసిన విమానం. మా అమ్మాయి నా కోసం ఒకటి తెచ్చింది. మూడేళ్ల జీతం పెంపుకు బదులు పిండీ చక్కెరా. తినబుద్ధి కాలేదు, దాన్ని చెత్తబుట్టలో వేసి చేతులు కడుక్కున్నాను.

పద్నాలుగు నెలల తరువాత జెట్లు నిజంగానే వచ్చాయి. మా వాళ్లకు కాదు. చిన్న కంపెనీ యజమానులే మెల్‌బోర్న్‌లో ఇంకో కంపెనీ పెట్టారు. పేరు కొత్తది, మనుషులు పాతవాళ్లు. పెద్ద కంపెనీ జెట్ల కాంట్రాక్టు వాళ్లకిచ్చింది. ప్రొపెల్లర్ విమానాలు వచ్చే మార్చితో ఆగిపోతాయన్నారు. మా పైలట్లు కొత్త కంపెనీలో చేరాలంటే అప్లికేషన్ పెట్టుకోవాలి, నెంబరు మొదటినుంచి. జీతం ఇంకా తక్కువ. ఇంత తక్కువేమిటని యూనియన్ అడిగితే, మీ మనుషులే మొన్న తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు కదా, మార్కెట్ రేటు అంతే అన్నారట. వీళ్లు ఇచ్చిన కత్తితోనే వీళ్లను కోశారు. ఆ మాటన్నది కూడా ఆ మేనేజరే. రెండు కంపెనీలకూ ఆయనే.

తరువాత ఆయన కెప్టెన్లందరికీ ఫోన్లు చేశాడు. అందరూ ఒకేసారి వెళ్లిపోతే లోపలి ఊళ్లకు విమానాలుండవు, సిడ్నీ ఆసుపత్రులకు వచ్చే రోగులు ఆగిపోతారు, దయచేసి చివరి విమానం దాకా ఉండండి అన్నాడు. కొత్త కంపెనీలో చేరే తేదీ ఎంత ముందుంటే నెంబరు అంత మంచిదని ఆయనకు తెలుసు. మా అమ్మాయికీ తెలుసు.

"ముందు వెళ్లి చేరు," అన్నాను.

"డబ్బో ఊరి ఫ్లైట్‌లో ప్రతి వారం కీమోకి వచ్చే ఆవిడ ఒకరున్నారమ్మా. నేను వెళ్లిపోతే ఆవిడకేం చెప్పను?"

కో-పైలట్లు చాలినంతమంది ఉన్నారు కనుక వాళ్లను ఎవరూ ఆపలేదు. కరీంనగర్ అబ్బాయి ఆగస్టులోనే కొత్త కంపెనీలో చేరాడు. వాడి నెంబరు ఇరవై మూడు. మా అమ్మాయి చివరి విమానం దింపి, లాకరు తాళాలు అప్పగించి, మార్చి ఆఖరున చేరింది. నెంబరు నూట పన్నెండు. కష్టకాలంలో నిలబడ్డ కెప్టెన్లంతా అట్టడుగున ఉన్నారు. ముందు చేరిన కో-పైలట్లు వాళ్ల నెత్తిన ఉన్నారు. దీన్ని ఎవరూ మోసం అనలేదు, పద్ధతి అన్నారు.

అక్టోబరులో ఆ అబ్బాయికి ఎడమ సీటు వచ్చింది. నవంబరు డ్యూటీ రోస్టరులో వాడి పక్కన కుడి సీటులో మా అమ్మాయి పేరు పడింది. ఆ సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. కూర తరుగుతోందని మా అమ్మాయి స్పీకరులో పెట్టింది.

"అక్కా, ఆ రోజు నేను సిక్ లీవ్ పెడ్త. నువ్వు పక్కన కూసుంటే నాకు చెయ్యి రాదు. నాకు ల్యాండింగ్ నేర్పిందే నువ్వు."

"నువ్వు లీవ్ పెడితే ఇంకొకడొస్తాడు. వాడికి నేనెవరో కూడా తెలియదు. నువ్వే రా."

వాడు "ఆంటీ వింటుందా?" అన్నాడు.

వింటున్నానన్నాను. వాడి మీద నాకు కోపం లేదు. కెప్టెన్‌గా వాడికిప్పుడు వచ్చే జీతం, మా అమ్మాయికి కెప్టెన్‌గా వచ్చినదానికంటే తక్కువ. వాడి అప్పు అలాగే ఉంది. గెలిచినవాడికి కూడా మిగల్చని ఆట ఇది. పక్షానికోసారి ఆ మేనేజరు ఫొటోతో పైలట్లందరికీ ఒక ఉత్తరం వస్తుంది. ప్రియమైన కుటుంబ సభ్యులారా అని మొదలవుతుంది. దాన్ని మా అమ్మాయి చదవదు. నేను చదువుతాను, ప్రతిసారీ రోత పుడుతుంది.

ఇద్దరూ కలిసి ఆ రోజు మెల్‌బోర్న్ నుంచి హోబర్ట్ వెళ్లి వచ్చారు. ఎలా జరిగిందని అడిగితే, "బాగా దింపాడు," అంది.

పోయినవి ఇవి. ఎడమ సీటు. దానికి పట్టిన పదకొండేళ్లు. డెబ్బై ఒక్క నెంబర్లు. జీతంలో ఏడాదికి నలభై నాలుగు వేల డాలర్లు. వారానికి నాలుగు రాత్రులు ఇంట్లో నిద్ర; ఆ నాలుగూ ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో, ఇంకో ముగ్గురు పైలట్లతో పంచుకున్న అద్దె ఇంట్లో. జెట్ దిగడానికి రన్‌వే పొడవు సరిపోని రెండు ఊళ్లకు విమానం.