కుడికాలు

నా చిన్నప్పుడు, పుంగనూరులో ఎస్టీడీ బూత్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, మా వీధంతా పట్టుగూళ్ళు ఉడికే వాసనే. పడనివాళ్ళు ముక్కు మూసుకుని పోయేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసనలోనే అన్నం సయించేది. పక్కింటి అక్క వాళ్ళది పట్టుదారం తీసే బట్టీ. మరిగే నీళ్ళ తొట్టిలో గూళ్ళు వేసి, పోగు అందుకుని రాట్నానికి ఎక్కించాలి. అక్క పట్టిన పోగు తెగదని వీధిలో పేరు. నాకు జడ వేసేది కూడా ఆమే, మా అమ్మలాగా పీకి లాగదు కాబట్టి.

ఒక వేసవి సెలవుల్లో ఆ తొట్టి కింద ఇటుక జారింది. నీళ్ళన్నీ అక్క తొడల మీదినుంచి పాదాల దాకా పడ్డాయి. వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది గానీ, కుండలో మంచినీళ్ళు పోయాలని ఒక్కరికీ తోచలేదు. చలవ చేస్తుందని దోసెపిండి తెచ్చి రెండు కాళ్ళ నిండా పూశారు. మదనపల్లె ఆసుపత్రికి చేరేసరికి అది అట్టకట్టింది. దాన్ని గీకి తీయడంతో అక్కకు నరకం మొదలైంది.

కాలిన పుండుకు కట్టు కట్టడం కన్నా విప్పడం కష్టమని నాకు అక్కడే తెలిసింది. గుడ్డ పుండుకు అతుక్కుపోతుంది. ఎంత తడిపి లాగినా, కొత్తగా వచ్చిన లేత తోలు కూడా దాంతోపాటు ఊడొస్తుంది. కట్టు విప్పే వేళకు అక్క నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పట్టుకునేది కాదు. అందుకని మా అమ్మ నన్ను అక్కడే ఉంచింది. ఆ వయసు పిల్లను అట్లా ఉంచుతారా అని ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. ఉంచింది, అంతే. ఇప్పటికీ బట్టల కొట్లో గుడ్డ కొలిచి చించుతుంటే నేను బయటికొచ్చి నిలబడతాను.

కొన్నాళ్ళకు అక్క ఇక కట్టు విప్పనివ్వనని, ఇంటికి తీసుకుపొమ్మని మొండికేసింది. పోతే చీము పట్టి ప్రాణం దక్కదని డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. చెప్పి ఊరుకోలేదు, లేత అరిటాకులు తెప్పించింది. వాటిని కడిగి, కోసి, గంజితో గుడ్డకు అంటించి, కత్తెరలూ అవీ ఉడికించే ఆవిరి పెట్టెలో పెట్టించింది. పెద్ద ఊళ్ళ ఆసుపత్రుల్లో ఇట్లా చేసి చూస్తున్నారట. ఆకు నున్నగా ఉంటుంది కాబట్టి పుండుకు అతుక్కోదట.

ఆ ఆకుల పళ్ళెం చూడగానే అక్క వాళ్ళమ్మ పళ్ళేనికి అడ్డం వచ్చింది. మా వైపు ఒళ్ళు కాలి, ఇక దక్కరనుకున్నవాళ్ళనే అరిటాకులో పడుకోబెడతారు. ఆకు వేశారంటే ఆశ వదులుకున్నట్టే.

"ఇంగ లేదని సెప్పేయమ్మా. మా ఇంటికాడే పండబెట్టుకుంటాము. ఈడ యాల ఆకేసేది?" అంది.

డాక్టరమ్మ కసురుకుంటుందనుకున్నాను. ఆమె మంచం అంచున కూర్చుంది. "ఇది మేలని నాకూ రూఢిగా తెలియదమ్మా. చదివినాను, చెయ్యలేదు. ఒక కాలికి ఆకు కడదాం, ఒక కాలికి మామూలు గుడ్డే ఉండనీ. విప్పినప్పుడు నీ బిడ్డే చెప్తాది."

రెండు కాళ్ళకూ ఆకే కట్టచ్చు కదా అని నేను అడిగాను. కట్టచ్చు గానీ, రేపు వచ్చే ఇంకొకరికి ఏది మేలో ఎట్లా తెలియాలి అందామె. ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తర్వాత ఆమె తల్లిని కాదు, అక్కనే అడిగింది, ఏ కాలికి గుడ్డ కట్టమంటావని. ఆసుపత్రికి వచ్చాక అక్కను ఒకరు ఏదైనా అడగడం అదే మొదలు.

"కుడికాలికి కట్టు మేడం. అది గట్టిది, ఓర్సుకుంటాది."

విప్పే రోజు ఎడమకాలు ముందు విప్పారు. అక్క కళ్ళు గట్టిగా మూసుకుని, "ఇప్పుడు తీస్తారా?" అని అడిగింది. అప్పటికే ఆకు వచ్చేసి పళ్ళెంలో ఉంది. తరువాత కుడికాలు. దాని గురించి నేను రాయను. అక్క నా బొటనవేలు పట్టుకున్న పట్టుకు గోరు నల్లబడి, పోను పోను ఊడిపోయింది. సగంలోనే వాళ్ళమ్మ లేచొచ్చి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

"సాలమ్మా, తెలిసిపొయ్యింది. ఆ కాలికీ ఆకే కట్టు."

ఆ రోజు నుంచి మార్కెట్టుకు పోయి లేత ఆకులు ఏరుకొచ్చే పని ఆమే పెట్టుకుంది. అక్క మళ్ళీ ఇంటికి పోదామన్న మాట ఎత్తలేదు. వానలు మొదలయ్యాక తన కాళ్ళ మీద తానే నడిచి పుంగనూరు బస్సు ఎక్కింది.

చాలా ఏళ్ళకు, ఆమె పెళ్ళయి కుప్పంలో స్థిరపడ్డాక, చూడ్డానికి పోయాను. పంపు దగ్గర కుచ్చిళ్ళు ఎత్తి కాళ్ళు కడుక్కుంటూ ఉంది. నేను కుడికాలినే చూశాను. అది మరీ ఘోరంగా ఉంటుందని అన్నేళ్ళూ అనుకున్నాను. రెండూ ఒకటే. ఒకే ముడతలు, ఒకే తెలుపు.

నా చూపు ఎక్కడుందో అక్క కనిపెట్టింది. "ఆకు నొప్పి తీసింది గానీ మచ్చ తీయలేదులే. సూసినోళ్ళకి రెండూ ఒకటే. ఏ కాలు ఏడ్సిందో నీకూ నాకే తెలుసు" అని కుచ్చిళ్ళు దించుకుంది.

ఇప్పుడు పేపర్లో కాలిన గాయాల వైద్యం గురించి ఏం వచ్చినా వదలకుండా చదువుతాను. చేప తోలు కప్పుతున్నారట. రోగి తోలే చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పెంచి, తిరిగి అతికిస్తున్నారట. పట్టుగూటి జిగురుతో కూడా పుండు మీద కప్పే పొర చేస్తున్నారని చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. అన్నీ రావాలి, ఇంకా మేలైనవి రావాలి, నేను వద్దనను. కానీ పాత కట్టు కంటే దీనికి నొప్పి తక్కువని రాసిన చోట నా కళ్ళు ఆగిపోతాయి. ఆ పాత కట్టు ఎవరికి కట్టి చూశారో అక్కడ రాసి ఉండదు. అంతలో నా బొటనవేలిని ఎవరో గట్టిగా పట్టుకుంటారు.