కోపమొచ్చినోళ్లు పొద్దుగాల రాండ్రి

మొన్న బేస్తవారం తెల్లవారుతూనే మా కాక పోయాడు. చిన్నమ్మ ఫోన్ చేసి, "మీ కాకను లేపితే లేస్తలేడు బిడ్డా" అన్నది. నేను హనుమకొండలో ఆటో ఎక్కి వరంగల్ నేతవాడకు చేరేలోపే నా ఫోన్‌లో ఆయన ఫోటో తిరగడం మొదలైంది. ఫోటో చుట్టూ పూలదండ, కింద దీపం, "నవ్వుల రారాజుకు కన్నీటి నివాళి" అని రంగురంగుల అక్షరాలు. పంపినవాళ్లలో చాలామంది ఆరు నెలల కిందట ఇదే ఫోన్‌లో ఆ ముసలాయన్ను చెప్పుతో కొట్టాలన్న రాతలు పంపినవాళ్లే.

నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది. ఇది రాస్తుంటే ఇంకా మండుతూనే ఉంది. ఎక్కడైనా మాట గట్టిగా తగిలితే తగలనివ్వండి.

కాక అంటే మా బాపుకు తమ్ముడు. మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పండుగకో పబ్బానికో వాడలో జనం చేరితే ఒక్కడే నిలబడి అందరినీ నవ్వించేవాడు. వేషం గీషం ఏమీ లేదు, ఒక కండువా ఉండేది. అది భుజం మీద ఉంటే ఆయన దొర, ఇన్‌స్పెక్టర్, షావుకారు. అదే తలకు చుట్టుకుంటే కూలివాడు, నేతగాడు. ఈ సంగతి మా వాడలో చంటిపిల్లలకు కూడా తెలుసు.

డెబ్బైలలో నేను లంగా జాకెట్ వేసుకుని ముందు వరుసలో చోటు కోసం కొట్లాడే రోజుల నుంచీ ఆయన మొదలుపెట్టే తీరు ఒక్కటే. ముందు తన పేరు చెప్పేవాడు. తర్వాత తండ్రి పేరు. ఆ తర్వాత ఇల్లు.

"బోరింగు ఎదురుంగ నీలం తలుపు ఇల్లు మాది. ఇప్పుడు నేను ఒకలిద్దర్ని గెలుకుత. కోపమొచ్చినోళ్లు పొద్దుగాల రాండ్రి. ఛాయ్ తాగుకుంట తిడుదురు."

జనం నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా చెప్పేవాడు, ఎందుకంటే అది జోకు కాదు. "ఒకన్ని నవ్వులపాలు జేసినంక మన తలుపు తెరిచి పెట్టాలె బిడ్డా. గట్ల తెరవకుంటె అది హాస్యం గాదు, దొంగతనంగ రాయి ఇసురుడు" అని నాకు చాలాసార్లు చెప్పాడు. చిన్నమ్మది వేరే బాధ. "మీ కాక నోటికి నా ఇంట్ల చక్కెర నిలుస్తలేదు" అనేది.

ఆ రోజుల్లో మా వాడ చేనేత సంఘానికి ఒక ప్రెసిడెంటు ఉండేవాడు. నేతగాళ్లకని వచ్చిన నూలు వెనక తలుపు నుంచి షావుకార్ల ఇళ్లకు పోతున్నదని అందరికీ తెలుసు. కానీ అడిగినవాడికి మర్నాటి నుంచి నూలు ఉండదు. అందుకని ఎవరూ అడగలేదు. పైగా ఆయనే ఒక మీటింగులో లేచి, మీరు సోమరిపోతులు, నూలిచ్చినా నేయరు అన్నాడు. మావాళ్లు తల వంచుకుని విని ఇంటికొచ్చారు.

ఆ ఏడు వినాయకుడి మంటపం దగ్గర సాయంత్రం కాక లేచాడు. ప్రెసిడెంటు ముందు కుర్చీలోనే ఉన్నాడు. కాక పేరు, తండ్రి పేరు, ఇల్లు చెప్పి, కండువా భుజాన వేసుకుని జంపఖానా మీద దర్జాగా కూచున్నాడు.

"గీ నేతగాళ్లున్నరు సూడు, వట్టి సోమరిపోతులు. తినుడు, పండుడు తప్ప ఏం రాదు."

ఒక్కరూ నవ్వలేదు. ఆయన లేచి కండువా తలకు చుట్టుకుని, చేతులు కట్టుకుని, వంగి అన్నాడు.

"నిజమే సార్. జర లెవ్వుండ్రి. మీరు కూసున్న జంపఖానా మేం నేసిందే. సోమరిపోతుల సొమ్ము మీకెందుకు?"

జంపఖానా లాగేశాడు. మళ్లీ ప్రెసిడెంటయ్యి ఇంకో రెండు తిట్లు తిట్టాడు. ఈసారి నేతగాడు భుజం మీది కండువా అడిగాడు. మూడోసారి ధోతి కొస పట్టుకునేసరికి, కాక మళ్లీ ప్రెసిడెంటయ్యి, రెండు చేతులతో ధోతి గట్టిగా పట్టుకుని, "నేతన్నలు దేవుళ్లయ్యా, దేవుళ్లు" అని గొల్లున ఏడ్చాడు. మా వాడ అట్లా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. మా బాపు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున ప్రెసిడెంటు నిజంగానే వచ్చాడు. అరుగు మీద కూచున్నాడు. చిన్నమ్మ ఛాయ్ తెచ్చి పెట్టింది.

"గంత మంది ముంగట నా ధోతి గుంజుతవా?" అన్నాడు.

"నేనేడ గుంజిన? మీటింగుల మీరన్న మాటే గుంజింది" అన్నాడు కాక. "నూలు ఏడికి పోతాందో చెప్పుండ్రి. నేను చెప్పింది తప్పయితే ఇయ్యాల్ల సాయంత్రం గక్కడనే నిలబడి తప్పని చెప్త."

ఆయన ఛాయ్ ముట్టకుండా లేచి పోయాడు. ఉగాది దాకా కాకకు నూలు రాలేదు. మగ్గం ఖాళీగా ఉంది, చిన్నమ్మ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. కానీ తర్వాతి మీటింగులో మా బాపుతో పాటు ఇంకొందరు లేచి, నూలు ఎటు పోతున్నదని పైకి అడిగారు. మరుసటి వినాయక చవితికి కాక అదే ఆట ఆడాడు. ఇల్లు కూడా మళ్లీ చెప్పాడు.

ఆయన తప్పే చేయలేదని నేను అనను. ఎనభైలలో ఒకసారి మిర్చి యార్డులో పనిచేసే కూలి ఆడమనిషిని ఆడి చూపించాడు. మాటకో తుమ్ము, తుమ్ముకో దగ్గు. జనం పడీ పడీ నవ్వారు. మర్నాడు ఎనుమాముల మిర్చి యార్డుకు పనికి పోతూ ఒకామె నీలం తలుపు ముందు ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంటూ అరుగు మీద కూచుంది.

"మీకు నవ్వొచ్చింది. నాకు కంటి మీద కునుకు రాదన్నా, గీ దగ్గుతోని" అన్నది. అంతే. ఛాయ్ మాత్రం తాగి పోయింది.

కాక ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. సాయంత్రం అదే జనం ముందు నిలబడి, పేరూ ఇల్లూ చెప్పి, "నిన్న నేను తప్పు జేసిన. నవ్వాల్సింది తుమ్మేటోళ్లను గాదు, తుమ్మిచ్చేటోళ్లను" అన్నాడు. కండువా భుజాన వేసుకుని, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని, దూరం నుంచే మిరపకాయలకు వంకలు పెట్టే షావుకారును ఆడాడు. ఎవరూ అడగకుండానే తప్పు ఒప్పుకున్న మనిషి ఆయన. అది ఎవరికీ గుర్తు లేదు.

ఇక ఆరు నెలల కిందటి సంగతి. మడికొండ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి పోతే, పాత ఆట ఆడుమని చుట్టాలు పట్టుబట్టారు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్లు పట్టుకుని లేచి ఆడాడు. ఎవరో ఫోన్‌లో తీశారు. తీసింది తీసినట్టు పెట్టినా బాగుండేది. "నేతగాళ్లు సోమరిపోతులు" అన్నదాకా ఉంచి, కండువా తలకెక్కక ముందే కోసేసి పెట్టారు. నేతన్నలను అవమానించిన ముసలోడట. జీవితమంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మనిషికి, మగ్గం ఎట్లా ఉంటుందో చూడనివాళ్లు నేతన్న గౌరవం నేర్పారు. పేరు ఉండదు, మొఖం ఉండాల్సిన చోట గులాబీ పువ్వో పులిబొమ్మో ఉంటుంది. నోటికి మాత్రం అడ్డూ అదుపూ లేదు. ఆయనకు సన్మానం చేస్తామని శాలువా కొన్నవాళ్లు, మాకూ ఆయనకూ సంబంధం లేదని ప్రకటన ఇచ్చుకున్నారు.

నేను ఫోన్ దాచిపెడదామనుకున్నాను. కాక అన్నీ చదివించుకున్నాడు. చివరికి అన్నాడు.

"పాపం, వాళ్లకు మన ఇల్లు తెల్వదు గావచ్చు. చెప్పు బిడ్డా."

నేనే వీడియో తీశాను. ఉతికిన అంగీ వేసుకుని కూచుని పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. బోరింగు ఎప్పుడో పోయింది కాబట్టి, "వాటర్ ట్యాంకు ఎదురుంగ నీలం తలుపు" అన్నాడు. "కోపమొచ్చినోళ్లు పొద్దుగాల రాండ్రి. ఆట మొత్తం ఆడి చూపిస్త. అప్పుడు గుడ తప్పనిపిస్తె, మీ ముంగటనే తప్పంట." చాలామంది చూశారు. చూసి దాని కింద కూడా తిట్టారు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున అరుగు మీద కూచున్నాడు. పక్కన రెండు గ్లాసులు, ఒకటి తనది, ఒకటి వచ్చేవాళ్లది. ఒక్క మనిషి రాలేదు. "మొఖం లేని కోపానికి ఛాయ్ ఎట్ల పొయ్యాలెనే?" అని చిన్నమ్మను అడిగాడొకరోజు. నవ్వుతూనే అడిగాడు, కానీ ఆ నవ్వు నేను ఎరిగిన కాక నవ్వు కాదు. నూలు ఆపిన ప్రెసిడెంటుకైనా ఒక దండం పెడతాను నేను. దొంగే, కానీ తన మొఖంతో తను వచ్చి కూచున్నాడు.

బేస్తవారం ఆ శాలువా వచ్చింది. దాచి పెట్టుకున్నట్టున్నారు. నలుగురు పెద్దమనుషులు వచ్చి కాక మీద కప్పి ఫోటో దిగబోయారు. చిన్నమ్మ చేయి అడ్డం పెట్టింది.

"బతికున్నప్పుడు మా ఇల్లు దొరకలేదా కొడుకా?"

"మేమేం అనలేదు పెద్దమ్మా. అందరు అంటాంటే..." అన్నాడు ఒకాయన.

"అందరంటే ఎవలు? ఒక్కని పేరు చెప్పు."

చిన్నమ్మ శాలువా మడిచి వాళ్ల చేతుల్లోనే పెట్టింది. లోపలికి పోయి కాక కండువా తెచ్చి, ఆయన తలకు చుట్టింది.

నేనింకా ఇక్కడే ఉన్నాను. ఈ పొద్దున లేచి తలుపు తీస్తే, చిన్నమ్మ అప్పటికే అరుగు మీద ఉంది. పక్కన ఒకటే గ్లాసు ఛాయ్. వాకిలి వైపు చూస్తూ కాసేపు కూచుని, చల్లారిపోకుండా దాని మీద సాసరు బోర్లించింది.