చచ్చి లేచి పాడిన పద్యం

మొన్న మా అమ్మాయి స్కూల్లో నాటకానికని మీసం అంటించుకుంటుంటే ఆ జిగురు వాసన గుప్పుమంది, అంతే, క్రాన్‌బర్న్‌లో మా బాత్రూం గుమ్మం దగ్గర నిలబడ్డ నేను పోయి పోయి పదేళ్ళ వయసులో పడ్డాను.

నాన్న ఇక్కడే డాక్టరు. ఈ దేశంలో డిసెంబరంటే నడి ఎండాకాలం, ఆ ఏడు ఆ ఎండల్లోనే తెనాలి నుంచి నాయనమ్మ వచ్చింది. మధ్యాహ్నాలు కర్టెన్లు దించేసి, ఫ్యాను కింద చాప పరుచుకుని, పెట్టెలో మామిడిపళ్ళు ఒక్కొక్కటే చీకుతూ, టీవీలో వచ్చే నలుపు తెలుపు పాత అమెరికా నాటకాలు చూసేవాళ్ళం. ఎప్పుడు చూసినా ఒక వంటిల్లు, టోపీ పెట్టుకున్న తండ్రి, ఎదురు చెప్పే కొడుకు, గట్టిగా తలుపేసుకోవడాలు. ఒకరోజు గడియారాల కొట్టు నడిపే తండ్రి కొడుకుతో పోట్లాడి భోజనాల బల్ల మీదే వాలిపోయి ప్రాణం వదిలాడు. నాయనమ్మకి ఒళ్ళు మండింది.

"ఏందే ఇది, ఇంత ఏడుపు పెట్టుకుని ఒక్క పద్యం లేదా? పద్యం లేకండా ఎట్టా చస్తాడే మనిషి?"

ఉగాదికి మన తెలుగువాళ్ళ ముందు ఇదే ఆడదామంది, పద్యం తనే కట్టింది, పొడుగ్గా ఉన్నానని తండ్రి వేషం నాకిచ్చింది. నాకు ప్రాణం పోయినంత పనయింది. ముందటేడు నేను స్టేజీ మీద తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే హాలంతా పగలబడి నవ్వింది, ఇక జన్మలో నలుగురి ముందు తెలుగు మాట్లాడనని ఒట్టేసుకున్నాను. నాయనమ్మ వింటేనా! పెరట్లో గొడుగులా గిర్రున తిరిగే బట్టల తీగల కింద నిలబెట్టి, చీరలు ఆరేస్తూనే రాగం నేర్పింది.

ఉగాదినాడు అద్దె హాలంతా పులిహోర వాసన. మీసం దురద పెడుతుంటే కళ్ళు మూసుకుని పద్యం ఎత్తుకున్నాను, చివర రాగం సాగదీసి బల్ల మీద వాలి చచ్చిపోయాను. ఉన్నట్టుండి వెనక వరసలోంచి ఎవరో అంకుల్ "వన్స్ మోర్!" అని కేకేశాడు, ఇంక ఈలలే ఈలలు. మళ్ళీ ఎగతాళి మొదలైందనుకుని చచ్చినదాన్ని చచ్చినట్టే ఏడ్చాను.

తెర వెనక నుంచి నాయనమ్మ, "లేవవే పిచ్చి మొద్దూ! నచ్చితే మళ్ళీ పాడమంటారే మనోళ్ళు!"

"చచ్చిపోయా కదా నాయనమ్మా!"

"అయితే ఏందంట? పాడి మళ్ళీ చావు!"

లేచాను, పాడాను, చచ్చాను. మళ్ళీ వన్స్ మోర్! కొడుకు వేషంలో నా మీద పడి ఏడవాల్సిన మా తమ్ముడు పడీ పడీ నవ్వాడు. మూడోసారి నాకూ నవ్వొచ్చింది, అబ్బ, ఎంత సంతోషమో! ఆనాడు తెరిచిన నోరు ఇప్పటిదాకా మూసింది లేదు.

నాయనమ్మ లేదిప్పుడు. ఆ హాలు కొట్టేసి ఇళ్ళు కట్టారు. ఇప్పటి ఉగాదుల్లో మైకులు, రంగుల తెరలు, అందరి చేతుల్లో ఫోన్లు, పిల్లలు పాడితే మర్యాదగా చప్పట్లు. ఈసారి ఓ చిన్నపిల్ల తడబడుతూనే ఎంత చక్కగా పద్యం పాడిందో, ఆగలేక లేచి "వన్స్ మోర్!" అని అరిచేశాను.

"మమ్, స్టాప్ ఇట్!" అని మా అమ్మాయి కొంగు లాగింది. హాలంతా నావైపు తిరిగింది. ఆ పిల్ల ఏం తప్పు చేశానో అన్నట్టు బిక్కమొహం వేసింది. వన్స్ మోర్ అంటే ఏంటో దానికి చెప్పడానికి తెర వెనక ఎవరూ లేరు. నేనే స్టేజీ దగ్గరికి వెళ్ళి చెప్పాను.