కుర్చీలోంచి లేవని కథ

ప్రెస్ మామ్మ రోజూ పొద్దున్నే పేపరును తలకిందులుగా పట్టుకుని చదువుతుంది. "మామ్మగారూ, తిరగేశారు!" అని పక్కింటి కోడలు అంటే, "నాకిటే సుళువమ్మా, నీకేం నష్టం?" అంటుంది. అచ్చుకోసం సీసపు అక్షరాలు పేర్చేవాళ్లు వాటిని అలాగే చదువుతారు. తెల్లదొరల కాలంలో, పదిహేనో ఏట, మామ్మ తన మేనమామ అచ్చాఫీసులో ఆ పనిలో చేరింది.

ఇంట్లో ఆమె ఏం రాసినా అన్నయ్య పొయ్యిలో పడేసేవాడు. అందుకని కాగితమే మానేసింది. కథైనా కవితైనా మనసులో అనుకుంటూ, గళ్లపెట్టెలోంచి అక్షరాలు ఏరి, ఎడమచేతిలోని స్టిక్కు అనే ఇనప పట్టీలో పేర్చేసేది. అచ్చయ్యాక అక్షరాలు మళ్లీ గళ్లలోకి పోయేవి. చిత్తుప్రతి అన్నదే ఉండేది కాదు. మామయ్య తన వారపత్రికలో వాటిని వేసేవాడు గానీ, కింద పేరు మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు.

పందొమ్మిదో ఏట ఒక కథ కూర్చింది. అందులో, దొర ఆఫీసు గది ఊడ్చే మనిషి నడుంనొప్పికి ఓర్వలేక దొర కుర్చీలో కూర్చుంటుంది. దొర వచ్చినా లేవదు. అంతే కథ.

"అమ్మడూ, చివర్లో ఆవిణ్ణి కుర్చీలోంచి లేపుదామే. ఒక్క వాక్యం," అని మామయ్య బతిమాలాడు.

"ఆవిడ నడుంనొప్పి ఇంకా తగ్గలేదు మామయ్యా."

లేపకుండానే అచ్చయింది. మూడోనాడు పత్రికల తనిఖీ అధికారి ఇద్దరు పోలీసులతో దిగాడు.

"రాసినవాడెవడు?"

"ఎవరో పోస్టులో పంపారండీ," అన్నాడు మామయ్య, మేనకోడలి వైపు చూడకుండా. ఆమె నోరు మెదపకపోతే గండం గట్టెక్కేదే.

"నేనే రాశాను," అంది.

అధికారి నవ్వాడు. "నువ్వా? ఏదీ, నీ చేతిరాత ప్రతి చూపించు."

చూపించడానికేముంది? మామయ్యకు ప్రాణం లేచొచ్చింది. "పిల్ల తెలియక వాగుతోందండీ!"

ఆమెకు ఒళ్లు మండింది. "కాసేపు కూర్చోండి," అని స్టిక్కు అందుకుంది. చెయ్యి గళ్లమీద ఆడుతుంటే అధికారి మెడ చాచి చూశాడు. ఆ తిరగబడ్డ అక్షరాల్లో ఒక్కటీ బోధపడలేదు. పేర్చడం అయ్యాక సిరా పూసి, కాగితం అద్ది, చేతికిచ్చింది. అదే కథకు తరువాయి: దొర ఇంకా నిలబడే ఉన్నాడు, కాళ్లు పీకుతున్నాయి, ఇంకో కుర్చీ తెమ్మనడానికి గదిలో ఆ ఊడ్చే మనిషి తప్ప ఎవరూ లేరు. కింద ఆమె పూర్తి పేరు.

అధికారి రెండుసార్లు చదివాడు. ఈసారి నవ్వలేదు.

"ఇప్పుడు నమ్మారా?" అంది.

ఆమెకు ఆరునెలల జైలు, అచ్చాఫీసుకు తాళం. మామయ్య ఏడాదిపాటు ఆమెతో మాట్లాడలేదు. తాళం తీశాక మాత్రం తనే పిలిచి, "ఇక పేరు పెద్దక్షరాల్లో పెట్టుకోవే. పోవలసిన పరువు ఎలాగూ పోయింది," అన్నాడు.

ఇప్పుడామెకు తొంభై తొమ్మిదేళ్లు. మనవరాలి దగ్గర ఉంటోంది. ఆమె పేరుతో వచ్చిన ఆరు కథల పుస్తకాలు, ఒక కవితల పుస్తకం ఇంకా అమ్ముడవుతున్నాయి.