సారుకు భయపడి వేసిన జోకు

మేడ్చల్ దగ్గర రైలింజన్ మోటార్లు బాగుచేసే షెడ్డులో నేను హెల్పర్‌ని. ఏడో తరగతిలోనే బడి నన్ను వదిలించుకుంది. రెండేళ్ల క్రితం, అరగంట నడవగానే ట్రిప్పై ఆగిపోతోందని ఒక మోటారు వచ్చింది. ఇంజనీరు సార్ చల్లటి మోటారుకే మీటరు పెట్టి, "మోటార్ బానే ఉందయ్యా, ఫాల్ట్ దానికి కరెంటిచ్చే డ్రైవ్‌లోనే" అన్నారు.

వేడి మీద చూస్తేనే లోపలి తీగల లోపం బయటపడుతుందని నాకు తెలుసు. సూటిగా చెప్పే ధైర్యం లేక, "మా అత్త గూడ సల్లగున్నంత సేపు మస్తు మంచిది సార్, వేడెక్కినంక జూడాలె" అన్నాను. సార్‌తో సహా అందరూ నవ్వారు.

డ్రైవ్ మార్చి మోటారు తిప్పారు. అరగంటకు కనెక్షన్ పెట్టె దగ్గర పెద్ద మెరుపు. పక్కనే నిలబడి వేడి కొలుస్తున్న నా దోస్తు ఖాజా కుడిచెయ్యి కాలిపోయింది.

"తెలిసుంటే ముందే చెప్పాలి కదా!" అన్నారు సార్. చెప్పానన్నాను.

"అది జోకు కదయ్యా!"

ఆ మాట పడ్డాను. ఆసుపత్రిలో ఖాజా అన్నదే పడలేకపోయాను.

"సారుకు భయపడితివి, సరే. నాకన్న సీదా జెప్పొద్దా భాయ్?"

పెద్దవాళ్ల తప్పును నవ్వులో చుట్టి చూపడం తెలివి అనుకునేవాణ్ణి. అది వట్టి పిరికితనం. ఖాజా ఇప్పుడు షెడ్డు గేటు దగ్గర కూర్చుని, ఎడమచేత్తో మా హాజరు రాస్తున్నాడు.